కిటికీ ముక్క

గరగరలాడే బట్టలతో మైకు ముందుకు రాకూడదు. అందుకే పెద్దక్క ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు బట్టలే కట్టుకుంటుంది. గాజులు, గడియారం, మెడలో గొలుసు అన్నీ తీసి చేతిసంచిలో పడేసి, ఆ సంచిని రికార్డింగు గది తలుపు బయటే వదిలి లోపలికి వస్తుంది. ఖాళీ కడుపుతో ఉంటే మధ్యలో అదికూడా మాట్లాడుతుందని ఓ అరటిపండు తిని మరీ బయల్దేరుతుంది. మైకుకి వినపడనిదంటూ లేదని ఆవిడ నమ్మకం. మనుషుల చెవుల మీద మాత్రం అంత నమ్మకం లేదు.

ఆవిడ గొంతిచ్చేది 'మిణుగురు' అనే బొమ్మల సీరియల్‌కి. ఎన్నో ఏళ్ళుగా టీవీలో వారం వారం వస్తోంది. అందులో ఓ బడిపిల్ల ఉంటుంది. ఆ పిల్ల కోటుకి ఓ గుండీ ఉంటుంది. గుండీ నొక్కగానే ఒళ్ళంతా వెలుగు నిండి, వీపున రెక్కలొచ్చి ఆ పిల్ల మిణుగురు అయిపోతుంది. రాత్రిపూట ఊరిమీద పడే చీకటి భూతాలతో పోరాడి, తెల్లారేలోగా ఇల్లు చేరుతుంది. ఇంట్లో ఉన్న తల్లికి ఈ సంగతి తెలియదు. తెలియకూడదు కూడా. ఆ తల్లి గొంతు పెద్దక్కది.

సీరియల్‌కి ఆధారం నెలకోసారి అచ్చయ్యే ఒక బొమ్మల పుస్తకం. అది నెలకోసారి, ఇది వారానికోసారి. పుస్తకంలో కథ అయిపోయినప్పుడల్లా మళ్ళీ అది ముందుకు నడిచేదాకా స్టూడియోవాళ్ళు సొంతంగా ఏదో ఒకటి అల్లి వారాలు నెట్టుకొస్తారు. వాటిలో భూతాలుండవు, యుద్ధాలుండవు. మిణుగురుకి జలుబు చేస్తుంది. తల్లీకూతుళ్ళు గొడుగు కొనుక్కోవడానికి బజారుకెళ్తారు. తప్పిపోయిన పిల్లి దొరుకుతుంది. బయట పిల్లలు వీటిని ఫిల్లర్లంటారు, చూడకుండా దాటేస్తారు. స్టూడియోలో అతుకులంటారు. అతుకుకి ఒకటే నియమం, ఎక్కడ తీసిన వస్తువు అక్కడ పెట్టేయాలి. కప్పు పగిలితే అతకాలి, తగువొస్తే తీరాలి, తల్లికి అనుమానం వస్తే అది ఆ వారమే పోవాలి. వచ్చే వారం పుస్తకం కథ మొదలైతే దానికేదీ కాళ్ళకడ్డం పడకూడదు.

పుస్తకం కథలో తల్లికి పనే లేదు. ఆవిడ బతుకంతా అతుకుల్లోనే గడిచింది, ఒక్క కిటికీ ముక్క తప్ప.

కిటికీ ముక్క ప్రతి వారం వస్తుంది. పిల్ల గుండీ నొక్కుతుంది, కిటికీ గడియ తీస్తుంది, "వెళ్ళొస్తానమ్మా" అని గుసగుసగా చెప్పి ఆకాశంలోకి దూకుతుంది. పక్క గదిలో దుప్పటి కింద తల్లి నిద్రపోతూ ఉంటుంది. దీన్ని మొదటి ఏడాదిలో ఒక్కసారి గీసి, ఒక్కసారి గొంతులు పట్టి, పని కలిసొస్తుందని అప్పట్నించీ అదే ముక్కని ప్రతి వారం తెచ్చి అతికిస్తున్నారు. దానిమీద డప్పులూ బాకాలూ కలిసి ఊదరగొట్టే ఓ పాట ఉంది. ఆ పాట రాని పిల్ల ఆ ఊళ్ళో లేదు. ఆ దుప్పటి ముద్దని చూసి నవ్వని పిల్లా లేదు. అలా ఆ తల్లికి మొద్దునిద్రమ్మ అని పేరు స్థిరపడిపోయింది.

ఆ రోజు అతుకులో తల్లి కూతురి కోటుకి గుండీ కుడుతుంది. పెద్దక్క పక్క మైకు దగ్గర పెట్టెపిల్ల నిలబడింది. మిణుగురు గొంతు ఆమెదే. చిన్నప్పుడు మైకు అందక, పళ్ళపెట్టె ఒకటి బోర్లించి, చప్పుడు కాకుండా దానికి దుప్పటిముక్క చుట్టి దానిమీద నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడామె పెద్దక్క కన్నా జానెడు పొడుగు, మైకునే పైకి లాగాలి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పెట్టె కూడా గది మూలనే ఉంది, కాళ్ళు లాగినప్పుడు పెద్దక్క దానిమీద కూర్చుంటుంది.

తెరమీద తల్లి దారం కొరికింది. పెద్దక్క ఇంటినుంచి తెచ్చుకున్న దారప్పోగుని పళ్ళమధ్య పెట్టి టుక్కున తెంపింది.

"కదలకే, గుచ్చుకుంటుంది."

"అమ్మా, ఆ గుండీ జాగ్రత్తమ్మా!"

"గుండీ సంగతి నేను చూసుకుంటాలే. ఇన్నిసార్లు ఊడుతోందంటే బడికెళ్తున్నావా, కుస్తీకెళ్తున్నావా?"

కుస్తీ మాట స్క్రిప్టులో లేదు. తెరమీద తల్లి నోరు ఇంకా ఆడుతోంది కదాని పెద్దక్క ఖాళీ నింపేసింది. అద్దం వెనక రికార్డింగు చూసుకునే మాస్టారు నవ్వుకుని, అలాగే ఉంచమన్నట్టు వేలెత్తి చూపించాడు.

పని అయ్యాక అతుకులాయన లోపలికొచ్చాడు. ఈ అతుకులన్నీ రాసేది ఆయనే. మనిషి ఎప్పుడూ ఎవరికో దారిస్తున్నట్టు గోడవారగా నడుస్తాడు. చేతిలో వచ్చే వారం స్క్రిప్టులున్నాయి. పెద్దక్కకి ఒకటి ఇచ్చాడు గానీ ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇదే ఆఖరిదక్కా."

"ఈ నెలకా?"

"మొత్తానికే. పుస్తకం కథ పూర్తయిపోయిందట. ఇహ మన అతుకులతో పనిలేదు, నేరుగా చివరిదాకా లాగించేద్దామంటున్నారు."

"మంచిదే కదా," అంది పెద్దక్క. స్క్రిప్టు మడత విప్పుతూ, చాలా మామూలుగా అడిగింది, "ఆ చివరి కథలో అమ్మ ఉందా?"

"ఒక మాటుంది."

"ఏమంటుంది?"

"మీరు కాదక్కా. మిణుగురు అంటుంది. ఎవరో అడిగితే, 'అమ్మ ఊరెళ్ళింది' అని."

పెట్టెపిల్ల నోట్లో నీళ్ళు గటుక్కున మింగింది. "ఊరెళ్ళిందా? అవతల లోకం మునిగిపోతుంటే మా అమ్మ ఏ ఊరెళ్ళిందండీ? ఎవరింట్లో పెళ్ళుందని?"

అందరూ నవ్వారు. పెద్దక్క కూడా నవ్వింది. నవ్వి, మూలనున్న పెట్టె మీద కూర్చుని స్క్రిప్టు చదివింది. ఆఖరి అతుకులో తల్లికి మెలకువ వస్తుంది. కూతురి పక్క ఖాళీగా ఉంటుంది, కిటికీ తెరిచి ఉంటుంది. తల్లి ఆ పక్కమీదే కూర్చుని ఎదురుచూస్తుంది. తెల్లవారుతుండగా కూతురు రెక్కలతో కిటికీలోంచి దిగడం కళ్ళారా చూస్తుంది. అప్పుడు మిణుగురు భుజం మీదుండే మాట్లాడే గొంగళిపురుగు తల్లి నెత్తిన మరుపు పొడి చల్లుతుంది. తల్లి కళ్ళు నులుముకుని, "ఏదో కలొచ్చింది" అంటుంది. ఆ మర్నాడు రాత్రి మళ్ళీ కిటికీ ముక్క, దుప్పటి ముద్ద. ఎక్కడి వస్తువు అక్కడికి చేరిపోయింది.

చదవడం అయ్యాక స్క్రిప్టు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"తమ్ముడూ, ఈ ఒక్కసారికి ఆ పురుగుని పొడి చల్లొద్దని చెప్పరాదా?"

అతుకులాయన మెడ వెనక గోక్కున్నాడు. "నియమం ఉంది కదక్కా."

"నాకు పని పోతోందని కాదయ్యా. వయసొచ్చింది, ఎప్పుడో ఒకప్పుడు మానేయాల్సిందే. కానీ ఆవిడని చూడు. బిడ్డ రోజూ కిటికీలోంచి దూకి చావుకి ఎదురెళ్తుంటే గురక పెట్టి పడుకున్న తల్లిలాగా మిగిలిపోతుంది. ఇన్నేళ్ళు నా నోట్లో పెట్టుకున్నాను ఆవిడని. అట్లా వదిలేసి పోవడానికి మనసొప్పట్లేదు. ఒక్కసారి తెలియనివ్వు. తెలిసిందని చెప్పి ఊరెళ్ళిపొమ్మను."

ఆ మాటకి అతుకులాయన సరేననలేదు, కాదనలేదు. అడిగి చూస్తానన్నాడు.

ఇంటి మెట్లెక్కుతుంటే కింది వాటా పిల్ల తలుపు సందులోంచి తొంగిచూసింది. "నిద్రమ్మత్తా, ఇప్పుడే లేచావా?" అని కిచకిచా నవ్వి తలుపు వేసుకుంది. రోజూ ఉండే వేళాకోళమే. రోజూ అయితే పెద్దక్క పెద్దగా ఆవులించి చూపించేది. ఆ రోజు ఆవులింత రాలేదు.

వాళ్ళాయన కుర్చీలో కూర్చుని ఎడమ మోకాలికి నూనె మర్దన చేసుకుంటున్నాడు. సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తెల్లవారకముందు కదిలే మొదటి బస్సు ఆయనదే. ఆ మోకాలు క్లచ్చి తొక్కీ తొక్కీ అలా అయిందని ఆయన చెప్పగా వినని చుట్టం లేడు.

"అతుకేనా ఇవాళ?" అని అడిగాడు. ఆయన చూసేవి అతుకులే. భూతాలొచ్చే వారాల్లో, ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియట్లేదని లేచెళ్ళిపోతాడు. గొడుగు కొనే ఎపిసోడ్‌ని మాత్రం మూడుసార్లు చూశాడు. బేరం సరిగ్గా ఆడలేదని తల్లిమీద ఇప్పటికీ కోపం.

"ఆఖరిది వచ్చే వారం. తర్వాత నేను ఊరెళ్తున్నానట."

సంగతంతా చెప్పింది. ఆయన నూనె చెయ్యి గాల్లోనే పెట్టుకుని విన్నాడు. విని, నవ్వించాలనుకున్నాడు.

"పోనీలేవే. నిద్రపోయే పాత్ర నీకిచ్చినవాడు తెలివైనవాడు. దానికి నీకు నటనక్కర్లేదు. నేనిన్నేళ్ళు చీకటితో లేచి డ్యూటీకెళ్ళానా, చెప్పులు చేత్తో పట్టుకుని, దీపం కూడా వెయ్యకుండా పిల్లిలా వెళ్ళేవాణ్ణి. ఒక్కనాడైనా నీకు మెలకువొచ్చిందా? ఒక్కనాడు! నీ నిద్ర చెడగొట్టలేదని పైవాడి ముందైనా చెప్పుకుంటాను."

"చెప్పుకోండి," అంది పెద్దక్క, నూనె గిన్నె తీసి పక్కన పెడుతూ.

వంటకి కూరలు తరుగుతూ "ఏదో కలొచ్చింది" అని పైకి అనుకుంది. మళ్ళీ అంది. ఒకసారి బెదురుగా, ఒకసారి నిద్రమత్తుగా. చివరికి ఒకసారి, అంతా తెలిసి కూతురి కోసం తెలియనట్టు ఉండిపోయిన మనిషిలా అంది. కత్తిపీట దగ్గర చెయ్యి ఆగింది. మాట మార్చక్కర్లేదు. అదే మాట, లోపల దీపం వెలిగించి చెప్పడమే. ఆ రాత్రి వంటలో ఉప్పు ఎక్కువైంది గానీ వాళ్ళాయన ఏమీ అనలేదు.

రెండు రోజుల తర్వాత అతుకులాయన ఫోన్ చేశాడు. కొత్త ప్రొడ్యూసరు కుదరదన్నాడట. పుస్తకం రాసినవాళ్ళు ఒప్పుకోరట, అడగడం కూడా బాగోదట. "నేను ఇంకాస్త గట్టిగా అడగాల్సిందక్కా," అన్నాడాయన. "గట్టిగా అడగడం నాకు చేతకాదు."

"నువ్వు అడిగావు, అది చాలు," అంది పెద్దక్క. మనసులో మాత్రం తన దీపం తన దగ్గరుందనుకుంది.

రికార్డింగు రోజున కొత్త ప్రొడ్యూసరు కూడా వచ్చి అద్దం వెనక మాస్టారి పక్కన కూర్చున్నాడు. కుర్రవాడే. వచ్చేటప్పుడు అందరికీ టీ తెప్పించాడు, పెద్దక్కకి నమస్కారం పెట్టాడు, చిన్నప్పుడు ఈ సీరియల్ చూసే పెరిగానని చెప్పాడు. కోపగించుకోవడానికి కూడా వీల్లేని మనిషి.

తెరమీద తెల్లవారింది. కిటికీలోంచి మిణుగురు దిగింది. పక్కమీద కూర్చున్న తల్లి లేచి నిలబడింది.

"నువ్వా?" అంది పెద్దక్క. ఆ ఒక్క మాటకే పెట్టెపిల్ల స్క్రిప్టు మీంచి తల తిప్పి ఆవిడ వైపు చూసింది. కాగితం చప్పుడు కాకుండా రెండో చేత్తో అదిమిపట్టుకుంది.

గొంగళిపురుగు పొడి చల్లింది. తెరమీద తల్లి కళ్ళు నులుముకుంది.

"ఏదో... కలొచ్చింది."

పెద్దక్క ఆ మాటని మెల్లగా, పిల్ల మీద దుప్పటి కప్పినట్టు అంది. మాస్టారు బొత్తాం మీద చెయ్యి వేసి కూడా నొక్కడం మర్చిపోయాడు.

అద్దం అవతలినుంచి ప్రొడ్యూసరు గొంతు హెడ్‌ఫోన్లలో వినిపించింది. "చాలా బాగుందండీ. నిజంగా. కానీ... ఆవిడకి గుర్తున్నట్టు వినిపిస్తోంది."

"గుర్తుంటే ఏం బాబూ?"

"పుస్తకంలో అమ్మకి తెలియదు కదండీ. ఇక్కడ తెలిసిపోతే రేపు చూసేవాళ్ళు, మరి కూతురిని వదిలేసి ఊరెలా వెళ్ళిందని అడుగుతారు. మర్చిపోయినట్టే చెప్పండి. ప్లీజ్."

పెద్దక్క తల ఊపింది. గొంతు సవరించుకుని, రెండు గుక్కలు నీళ్ళు తాగింది. పని పనే. రెండో టేకులో ఆ మాటని శుభ్రంగా కడిగేసిన పళ్ళెంలా, ఏ మరకా లేకుండా చెప్పింది. ఆ తల్లికి నిజంగానే ఏమీ గుర్తులేదు. ప్రొడ్యూసరు థాంక్సని మరీ మరీ చెప్పి, ఇంకో మీటింగుందని వెళ్ళిపోయాడు.

హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించి, పెద్దక్క మూలనున్న పెట్టె మీద కూర్చుంది. ఓడిపోయానని ఆవిడకి స్పష్టంగా తెలుసు. ఏడుపు రాలేదు. రేపట్నించి ఈ గొంతుతో పని లేదు కదా అనుకుంది. పెట్టెపిల్ల వచ్చి కింద నేలమీద, ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది.

"అమ్మ ఊరెళ్ళిందని నేను చెప్పను పెద్దమ్మా. నా నోరు రాదు."

"చెప్పకపోతే ఇంకొకరితో చెప్పిస్తారు. నేను ఊరెళ్తే వెళ్ళనీ, నీ పని పోగొట్టుకోకు."

అద్దం వెనక మాస్టారు తీగలూ బొత్తాలూ సర్దుకుంటున్నాడు. ఆఖరి అతుక్కి చివర్లో కిటికీ ముక్క అతికించడం ఒక్కటే మిగిలింది. పెట్టెపిల్ల ఉన్నట్టుండి తలెత్తింది.

"మాస్టారూ, ఆ ముక్కలో 'వెళ్ళొస్తానమ్మా' అన్నది నా చిన్నప్పటి గొంతే కదా? పాట మోతలో నాకే ఎప్పుడూ సరిగ్గా వినపడలేదు. పాట తీసేసి ఒకసారి వినిపించరూ?"

"పాతది వెతకాలమ్మా. మాటలు, ఊపిర్లు, పాట, దేనికది విడివిడిగా దాచాం." అన్నాడే గానీ, ఆయనకీ ఇంటికెళ్ళాలని లేదు. కాసేపు ఏవేవో నొక్కి, దొరికిందన్నట్టు తలూపాడు. అతుకులాయన గుమ్మంలో నిలబడ్డాడు, ఎప్పటిలాగే గోడకి ఆనుకుని.

డప్పులు లేవు, బాకాలు లేవు. గది నిండా ముందు దుప్పటి కింది తల్లి నిద్ర ఊపిరి వినిపించింది. సాఫీగా పోతోంది, వస్తోంది. తర్వాత గడియ తీసిన టిక్కుమనే శబ్దం. తర్వాత చిన్నపిల్ల గొంతు, ముందుపళ్ళు ఊడిన సందులోంచి గాలి పోతూ, "వెళ్ళొస్తానమ్మా."

పెట్టెపిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, టక్కున ఆపేసింది. నిద్ర ఊపిరి ఆగిపోయింది.

పాడైపోయిందేమోనని మాస్టారు బొత్తాల వైపు చూశాడు. పాడవలేదు. ఊపిరి లేని ఆ నిశ్శబ్దంలో ఎవరో చెవులొగ్గి వింటున్నారు. అది తెలుస్తూనే ఉంది. కిటికీ మూసుకున్న చప్పుడయింది. అప్పుడు పొడుగ్గా, గుండెల్లోంచి, ఓ నిట్టూర్పు బయటికొచ్చింది. ఆ తర్వాత మళ్ళీ ఊపిరి సాగింది గానీ అది నిద్రపోయే మనిషిది కాదు.

"పెద్దమ్మా," అంది పెట్టెపిల్ల, "నువ్వు మేలుకునే ఉన్నావు."

పెద్దక్క తను కూర్చున్న పెట్టెని అరచేత్తో తడిమింది. దుప్పటిముక్క చిరిగి కొయ్య బయటపడింది. "గుర్తొచ్చింది. ఆ రోజు మాస్టారు నిన్ను, కిటికీ తీస్తున్నట్టు ఊహించుకుని చెప్పమన్నారు. నువ్వు నిజంగానే చెయ్యి చాపి ముందుకి వంగావు. పెట్టె ఒక పక్కకి లేచింది. పట్టుకుందామంటే చప్పుడవుతుంది, టేకు పోతుంది. పడిపోతావేమోనని, పక్క మైకులో తీస్తున్న నిద్ర ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. నువ్వు నిలదొక్కుకున్నాక వదిలాను."

"మరి అది తప్పు టేకు కదా! ఇంకొకటి తీసుకోలేదా?"

అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "భోజనాల వేళయింది. పిల్లకి ఆకలేస్తోంది. ఎలాగూ పాట కిందకి పోయే ఊపిరేగా, ఎవరు వింటార్లే అనుకున్నాను."

"అంటే ప్రతి వారం ఇదే..."

"ప్రతి వారం ఇదే."

"నాకు రెక్క విరిగిన వారం కూడా. ఇహ తిరిగి రాననుకుని వెళ్ళిన వారం కూడా." పెట్టెపిల్ల ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంటోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ప్రతిసారీ అమ్మ విన్నది. ప్రతిసారీ."

గుమ్మం దగ్గర్నించి అతుకులాయన నెమ్మదిగా మాట్లాడాడు. "నేనో అతుకు రాశాను. వాన లేని రోజు మిణుగురు బూట్లు తడిసిపోయి ఉంటాయి. తల్లి వాటిని పొయ్యి పక్కన ఆరబెడుతుంది. ఎందుకు తడిశాయని అడగదు. అడిగితే కథ కదులుతుంది, నియమం తప్పుతుంది, అందుకని నేను అడిగించలేదు. కోటు మీద కాలిన మచ్చ గురించీ అడగలేదు. గుండీ ఎన్నిసార్లు ఊడినా కుట్టింది తప్ప..." ఆయన గోడ వదిలేసి గది మధ్యకి వచ్చాడు. "ఏమీ తెలియని తల్లిని రాస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. ఏమీ అడగని తల్లిని రాశాను."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"మాటేమైనా మార్చామా?"

"లేదు," అన్నాడు అతుకులాయన.

"బొమ్మ?"

"అదే బొమ్మ."

"ఎక్కడి వస్తువు అక్కడే ఉందా?"

"మొదట్నించీ అక్కడే ఉంది."

"అయితే," అన్నాడు మాస్టారు, పాటకి సంబంధించిన మీట మీద వేలు పెట్టి, "ఈ వారం డప్పులు కాస్త తగ్గితే నియమం ఏమీ తప్పదు. డప్పుల సంగతి చూసుకోవడం నా ఉద్యోగం. అడిగితే చెవినొప్పని చెప్తాను."

మీటని కిందికి లాగాడు. పెట్టెపిల్ల పెద్దక్క మోకాళ్ళ మీద తల ఆనించింది. "ఇప్పుడు చెప్తాలే పెద్దమ్మా, అమ్మ ఊరెళ్ళిందని. నిజంగా ఎందుకెళ్ళిందో నాకు తెలుసుగా. తను ఇంట్లో ఉంటే నేను దూకడానికి వెనకాడతానని." పెద్దక్క ఆమె జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి నిమిరింది. ఇందాక రాని ఏడుపు ఇప్పుడు వచ్చేసింది. మైకులు ఇంకా తెరిచే ఉన్నాయని ఎవరికీ గుర్తులేదు.

ఆఖరి అతుకు వచ్చిన సాయంత్రం వాళ్ళాయన ముందే టీవీ పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, నూనె గిన్నెతో సహా సిద్ధంగా కూర్చున్నాడు. పెద్దక్క ఆయనకి ఏమీ చెప్పలేదు. మంచం అంచున కూర్చుని, ఉతికిన బట్టలు మడతలు పెట్టుకుంటోంది. తల్లి మేల్కొన్నప్పుడు ఆయన "అమ్మయ్య, లేచింది" అన్నాడు. గొంగళిపురుగు పొడి చల్లినప్పుడు దాన్ని నానా తిట్లూ తిట్టాడు. "ఏదో కలొచ్చింది" అన్న మాట విని, నీరుగారిపోయి కుర్చీలో వెనక్కి వాలాడు.

తర్వాత కిటికీ ముక్క వచ్చింది. పాట మొదలైంది, మొదలై పక్కకి తప్పుకుంది. దుప్పటి కింది ఊపిరి వినిపించింది. గడియ తీసిన చప్పుడు. వెళ్ళొస్తానమ్మా. ఊపిరి ఆగింది.

మోకాలి మీద తిరుగుతున్న చెయ్యి కూడా ఆగింది. కిటికీ మూసుకుని, తెరమీద దుప్పటి ముద్ద నిట్టూర్చేదాకా ఆయన కదల్లేదు.

"మేలుకునే ఉంది," అన్నాడు.

"ఊఁ."

"ఇవాళేనా, మొదట్నించీనా?"

"మొదట్నించీ."

కింది వాటాలోంచి పిల్ల అరుపు వినిపించింది. "అమ్మా, నిద్రమ్మ నిద్రపోవట్లేదే!" ఎవరో గట్టిగా నవ్వారు, పిల్ల మళ్ళీ అదే మాట ఇంకా గట్టిగా అంది. పెద్దక్క పెదవుల మీదికి నవ్వొచ్చింది. మడత పెట్టిన బట్టనే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

టీవీలో ఏవో ప్రకటనలు వస్తున్నాయి. వాళ్ళాయన వాటినే శ్రద్ధగా చూస్తున్నట్టున్నాడు. కాసేపయ్యాక, తల తిప్పకుండానే పిలిచాడు.

"ఇదిగో."

"చెప్పండి."

"నేను చీకటితో లేచి డ్యూటీకెళ్ళేవాణ్ణి కదా. చెప్పులు చేత్తో పట్టుకుని."

"అవును."

"దీపం కూడా వేసేవాణ్ణి కాదు."

"అందుకేగా, రోజూ వెళ్ళి ఆ కుర్చీకి గుద్దుకునేవారు. పైకి అరవలేక పళ్ళు నూరేవారు."

ఆయన ఈసారి ఆవిడ వైపు పూర్తిగా తిరిగాడు.

"మరి లేవలేదేమే?"

"లేస్తే నా నిద్ర చెడగొట్టానని రోజంతా బాధపడేవారు. బస్సు నడిపే మనిషి." బట్టల దొంతర పక్కకి జరిపింది. "కింద గేటు గొళ్ళెం పడ్డాక నిద్రపోయేదాన్ని."

ఆయన తన మోకాలి వైపు చూసుకున్నాడు. ఎడమది.

"అయితే ఇది..."

"పాపం, ఇన్నేళ్ళూ క్లచ్చిని ఆడిపోసుకున్నారు," అంది పెద్దక్క.

ఆయన లేచి టీవీ కట్టేశాడు. కుర్చీని ఎత్తి గోడవారగా పెట్టి, వచ్చి ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నాడు.